బరంపురం పట్టాకు డబ్బు కట్టిందెవరు?

1880లో గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. అప్పటికి ఆయనది పదహారు, పదిహేడేళ్ల ప్రాయం. తండ్రి 1875లోనే విషజ్వరంతో కన్నుమూశారు. మేనమామ ఇంటి ఆసరాతో విజయనగరంలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. అదే ఏడు పెళ్లి కూడా అయింది. అంత చురుకైన కుర్రాడు ఆ తర్వాత కాలేజీకి వెళ్లాలి. కానీ వెళితే నెలనెలా చేతికొచ్చే 30 రూపాయలు ఆగిపోతాయి, పైగా ఎదురు డబ్బు కట్టాలి. సంసారం మీద పడ్డవాడికి ఆ రెండూ అయ్యే పని కాదు. ఆయన పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా పరీక్షలకు కూర్చున్నారు. 1886లో ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ స్థాయి), 1894లో బి.ఏ. మొదటి రెండు భాగాలు, 1896లో మూడో భాగం ప్యాసయ్యారు. మెట్రిక్ నుంచి పట్టా దాకా 17 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడి ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో భాగం. ఆ జిల్లాకు పెద్ద పట్నం బరంపురం. ఒడియా, తెలుగు ఒకే వీధిలో వినిపించే ఈ సీమలో కాలేజీ చదువుకు దాదాపు ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అన్నేళ్లలోనూ ఇంటి పెద్దలు వేసుకున్న లెక్క మాత్రం మారలేదు. ఈ చదువుకు ఎంతవుతుంది? దాంతో ఏమొస్తుంది? అంతవరకూ ఎవరు భరిస్తారు? మొదటి రెండు ప్రశ్నలకు ఏదో ఒక జవాబు దొరికేది. మూడోదానికి జవాబు ఫీజు రశీదులో ఏనాడూ పూర్తిగా కనిపించలేదు. చదివినవాడి పేరు మీద పట్టా వచ్చింది గానీ, దాని ఖరీదు కట్టినవాళ్లు వేరే చోట్ల ఉన్నారు. వాళ్లను వెతికి చూస్తే గంజాం చదువుల చరిత్ర కొత్తగా కనిపిస్తుంది.

బరంపురంలో సర్కారు బడి 1856లో మొదలైంది. 1878లో అది మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఎఫ్.ఏ. తరగతులు నడిపే కాలేజీగా ఎదిగింది. దాన్ని నిలబెట్టడానికి డబ్బు కావలసి వచ్చినప్పుడు కల్లికోట రాజా హరిహర మర్దరాజ దేవ్ ముందుకొచ్చారు. ఆయన విరాళంతో 1893లో అది కల్లికోట కాలేజీ అయింది. మూడేళ్లకు, 1896లో, పర్లాకిమిడి రాజావారి హైస్కూలు కూడా కాలేజీ స్థాయికి చేరింది. ఆ ఏడాదే పట్టా చేతికొచ్చిన గిడుగుకు అక్కడ కాలేజీ తరగతులకు పాఠం చెప్పే అవకాశం వచ్చింది.

రాజుల దాతృత్వాన్ని చరిత్ర గుర్తు పెట్టుకుంది, పెట్టుకోవాలి కూడా. ఆ కాలేజీలు లేకపోతే జిల్లాలో ఎందరో పిల్లలకు మెట్రిక్యులేషనే ఆఖరి మెట్టు అయ్యేది. అయితే జమీందారు ఖజానాకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదీ ఈ లెక్కలో భాగమే. అది రైతు కట్టిన శిస్తు. గంజాం రైతు 1866 నాటి మహా కరువును చూశాడు, 1888-89లో మరో కరువును చూశాడు. కల్లికోట కాలేజీకి ఆ పేరు వచ్చింది ఆ రెండో కరువు దాటిన నాలుగేళ్లకు. బడి ముఖం చూడని రైతు పండించిన ధాన్యంలోంచి కొంత, శిస్తుగా మారి, విరాళంగా మారి, చివరికి ప్లీడర్ల పిల్లలు, గుమాస్తాల పిల్లలు కూర్చునే బెంచీగా మారింది. ఆ రైతు పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

ఊళ్లో కాలేజీ వచ్చినంత మాత్రాన ఖర్చు అక్కడితో ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కల్లికోట, పర్లాకిమిడి కాలేజీలు రెండూ ఎఫ్.ఏ. వరకే పాఠాలు చెప్పే రెండో తరగతి కాలేజీలు. బి.ఏ. కావాలంటే విజయనగరమో, రాజమండ్రో, మద్రాసో పోవాలి. 1893-96 మధ్య తూర్పు తీర రైలు మార్గం పడడంతో దారి సుళువైంది. అయినా బరంపురం నుంచి మద్రాసు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. రైలు చార్జీ, గది అద్దె, పూటకూళ్ల ఇంట్లో భోజనం, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ కలిస్తే కాలేజీ ఫీజు ఆ మొత్తంలో ఒక పద్దు మాత్రమే. 1880లో తపాలా శాఖ మొదలుపెట్టిన మనియార్డరు ఈ కుటుంబాలకు ప్రాణాధారమైంది. అంతకుముందు ఊరి నుంచి పట్నం వెళ్లే మనిషి కోసం చూసి, నమ్మకస్తుడి చేతికే డబ్బిచ్చి పంపాలి.

1887లో బరంపురంలో పుట్టిన తాపీ ధర్మారావు నడిచిన దారి ఈ భూగోళాన్ని చూపిస్తుంది. పర్లాకిమిడిలో గిడుగు దగ్గర శిష్యరికం చేసి, పై చదువుకు మద్రాసు పచ్చయప్ప కళాశాలకు వెళ్లి, తిరిగొచ్చి కల్లికోట కాలేజీలోనే లెక్కల పాఠాలు చెప్పారు. తర్వాత పత్రికా సంపాదకుడిగా, సినీ రచయితగా తెలుగు దేశమంతటికీ తెలిశారు. ఆయన చదివిన పచ్చయప్ప కళాశాల కూడా ఒక వ్యాపారి వీలునామాలో రాసిపెట్టిన ధర్మనిధి మీద నిలిచినదే. అంటే గంజాం నుంచి బయలుదేరిన విద్యార్థి ఒక చోట రాజుగారి సొమ్ముతో, ఇంకో చోట పచ్చయప్ప మొదలియారు సొమ్ముతో చదివేవాడు. మధ్యలో రైలు చార్జీ తండ్రిది.

తండ్రికి ఆ శక్తి కూడా లేనప్పుడు?

అక్కడ వారాలు ఆదుకున్నాయి. ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట భోజనం చేస్తూ చదువుకునే పద్ధతి తెలుగు పట్నాలన్నింటిలోనూ ఉండేది. ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదుర్చుకున్న పిల్లవాడికి తిండి ఖర్చు తప్పేది. ఈ ఏర్పాటు ఎక్కువగా బ్రాహ్మణ కుటుంబాల మధ్యే సాగింది. తక్కిన కులాల పేద పిల్లలకు అంత సులభంగా తలుపులు తెరుచుకోలేదు. తెరుచుకున్న చోట కూడా దాని ఖరీదు దానికుంది. వారం ఇచ్చే ఇంట్లో బిందెతో నీళ్లు తేవడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, బజారు పని చేసిపెట్టడం మామూలే. ఒక ఇంట్లో అశౌచం వచ్చినా, ఇంటివాళ్లు ఊరెళ్లినా ఆ రోజు పస్తే. ఆ ఇళ్లలో వండి వడ్డించిన ఆడవాళ్లు, బడికి వెళ్లే హక్కు తమకు లేకుండానే, రెండు మూడు తరాల పట్టభద్రులను పోషించారు.

చదువు ఖర్చు రాబట్టుకునే ఇంకో దారి పెళ్లి. పంతొమ్మిదో శతాబ్దం చివర విజయనగరం మహారాజు ఆనందగజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం తీసుకుని జరిగిన పెళ్లిళ్ల లెక్క తీయిస్తే మూడేళ్లలో 1034 తేలాయి. ఆ దురాచారం మీదే గురజాడ నాటకం రాశారు, 1897లో అచ్చు వేశారు. కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు మీద మండిపడే తండ్రి కూడా ఆ నాటకంలో కనిపిస్తాడు. మరో తరం గడిచేసరికి లెక్క తలకిందులైంది. అదే కులాల్లో, అదే జిల్లాల్లో డబ్బు అమ్మాయి ఇంటి నుంచి అబ్బాయి ఇంటికి ప్రవహించడం మొదలైంది. ఎఫ్.ఏ.కి ఒక రేటు, బి.ఏ.కి ఒక రేటు, ప్లీడరీ ప్యాసైతే ఇంకో రేటు. మద్రాసులో చదివే కొడుకు ఖర్చు కోసం అప్పు చేసిన తండ్రి కట్నంతో ఆ అప్పు తీర్చుకోవచ్చని ధీమాగా ఉండేవాడు. కట్నం ఇచ్చిన తండ్రి పొలం అమ్మేవాడు. ఆ పొలం ఖరీదులో కొంత కాలేజీ ఫీజే. చదివిన కుర్రాడిని కన్నవాళ్లు చేసిన అప్పు, అతనితో ఏడడుగులు నడవబోయే అమ్మాయి వాటా ఆస్తిలోంచి తీరింది. ఈ లెక్కను దురాచారమని తిట్టినంత తరచుగా విద్యా వ్యయమని ఎవరూ గుర్తించలేదు. రెండూ నిజమే.

కాలేజీ గడప తొక్కని ఇళ్లలోనూ ఈ లెక్క ఇంకో రూపంలో ఉండేది. బరంపురానికి పట్టు నగరమని పేరు తెచ్చింది తెలుగు నేతగాళ్లైన దేరా కుటుంబాలు. ఊరంతా కదిలే బుఢీ ఠాకురాణీ జాతరను నడిపే పెద్దరికం ఇప్పటికీ ఆ కులపెద్దదే. పట్టు మగ్గం ఒక్క మనిషి పని కాదు. నూలు తీయాలి, కండెలు చుట్టాలి, ఆసు పోయాలి. పదేళ్ల పిల్లవాడు కూడా ఆ పనుల్లో చెయ్యి వేస్తాడు. అతన్ని బడికి పంపితే ఆ చెయ్యి పోతుంది. ఫీజు పూర్తిగా మాఫీ చేసినా ఆ నష్టం మిగిలే ఉంటుంది. అర్థశాస్త్రవేత్తలు వదులుకున్న సంపాదన అని పేరు పెట్టి పుస్తకాల్లో రాసేది ఇదే. మగ్గం ముందు కూర్చున్న తండ్రి దాన్ని వేళ్ల మీద లెక్కపెట్టగలడు.

కూలి కుటుంబాలు గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లేవి. వరికోతలకూ, ధాన్యం మిల్లులకూ, రేవు పనికీ వెళ్లిన వారి మనియార్డర్లు మొదట పాత అప్పుకు, తర్వాత పొలానికి, ఆ తర్వాత పెళ్లికి పోయేవి. కాలేజీ ఆ వరసలోనే ఉండేది కాదు. ఇప్పుడు గంజాం కూలి రంగూన్ బదులు సూరత్ మరమగ్గాలకు వెళుతున్నాడు. మారిందేమిటంటే, అన్న పంపే డబ్బులో తమ్ముడి ఐ.టి.ఐ. ఫీజో, చెల్లెలి డిగ్రీ ఫీజో ఇప్పుడు ఒక పద్దుగా చేరింది. అన్న రెండు పాళీల్లో నిలబడి నడిపే మగ్గాల రొదలోంచి వచ్చిన డబ్బది.

ఈ సీమలో చదువు మీద భారీగా ఖర్చు పెట్టిన ఇళ్ల గురించి చెప్పాలంటే వరాహగిరి వారి ఇల్లు ముందు గుర్తొస్తుంది. వి.వి.గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. కల్లికోట కాలేజీ చదువు తర్వాత గిరి 1913లో న్యాయశాస్త్రం కోసం ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. ఓడ ప్రయాణం, విదేశంలో ఏళ్ల తరబడి బస, కాలేజీ ఖర్చులు, అన్నీ ఒక మఫసిల్ పట్నపు వకీలు సంపాదనలోంచే. అంత పెట్టుబడి పెట్టిన తండ్రి ఆశించగలిగింది కొడుకు బారిస్టరై కోర్టులో పేరు తెచ్చుకోవడమే.

జరిగింది వేరు. ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమకారులతో సంబంధాలున్నాయని 1916లో గిరికి దేశం విడిచి వెళ్లమని నోటీసు వచ్చింది. తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకుని ప్రాక్టీసు పెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి గాంధీ సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. గిరి ప్రాక్టీసు వదిలేశారు. సారా దుకాణాల ముందు నిరసన తెలిపినందుకు 1922లో అరెస్టయ్యారు. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంలో పనిచేశారు. వచ్చిన ఫీజులతో లెక్క కట్టే మనిషికి ఇది నష్టాల ఖాతా. జోగయ్య పంతులు, ఆయన భార్య సుభద్రమ్మ అలా చూడలేదు. ఇద్దరూ జాతీయోద్యమంలో ఉన్నవారే. చదువు కొన్నప్పుడు దాని రాబడి ఏ రూపంలో రావాలో ముందే నిర్ణయించుకున్న ఇల్లు కాదది.

గిడుగు కథలోనూ ఇలాంటి మలుపే ఉంది. 30 రూపాయలతో బతుకు మొదలుపెట్టిన ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆ భాషలో రాసిన పుస్తకాలకు 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దు, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టండని కోరారు. తన చదువుకు పైసా పైసా కూడబెట్టినవాడే ఇంకొకరి చదువుకు చెల్లించాడు.

పట్టాకు విలువ కట్టేది ఉద్యోగం. ఉద్యోగానికి భాష ఉంటుంది. మద్రాసు పాలనలో గంజాం కచేరీల్లో తెలుగుకు పెద్దపీట ఉండేది. ఛత్రపురం కలెక్టరేటులో, కోర్టుల్లో తెలుగువారు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. అదే చదువు చదివిన ఒడియా కుర్రాడికి తన జిల్లాలోనే దారులు ఇరుకుగా ఉన్నాయన్న బాధ న్యాయమైనది. బరంపురం నుంచి శశిభూషణ్ రథ్ 1913లో మొదలుపెట్టిన ఆశ పత్రిక ఆ బాధకు గొంతు అయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి, శ్రీకాకుళం ఇటు మిగిలింది. బరంపురం తెలుగు కుటుంబాల లెక్క ఒక్కరోజులో మారిపోయింది. కల్లికోట కాలేజీ మాత్రం 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే కొన్నేళ్లు ఉండి, 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చాక అటు మారింది. పిల్లవాడికి ఒడియా నేర్పించి ఇక్కడే ఉంచాలా, విశాఖకో విజయనగరానికో పంపి తెలుగు నేలలో ఉద్యోగం చూసుకోమనాలా అన్న ప్రశ్న అప్పటినుంచీ ఇళ్లలో నలుగుతూనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తర్వాతి కాలంలో తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ రాష్ట్ర నివాసులది. ఇచ్ఛాపురంలో ఉన్న మేనల్లుడికి అందే సాయం, పాతిక కిలోమీటర్ల అవతల బరంపురంలో ఉన్న మేనమామ కొడుక్కి అందదు.

దూరం తగ్గితే ఖర్చు తగ్గుతుంది. ఆ పని స్వతంత్ర భారతం చేసింది. 1962లో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరిట బరంపురంలో వైద్య కళాశాల వచ్చింది. అంతకుముందు వైద్యం చదవాలంటే కటకమో విశాఖో వెళ్లాలి. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం మొదలైంది. శశిభూషణ్ రథ్ పేరుతో ప్రభుత్వ మహిళా కళాశాల నిలిచింది. హాస్టలుకు పంపడానికి భయపడే ఇళ్లకు, అబ్బాయి చదువుకు పెట్టినంత అమ్మాయికి పెట్టలేమని చెప్పే ఇళ్లకు, రిక్షా దూరంలో ఉన్న ఆ కాలేజీ తేడా చూపించింది.

ఇక డబ్బు. అప్పటిదాకా చదువుకు అప్పు అంటే షావుకారో, బంధువో, బంగారమో. కేంద్ర ప్రభుత్వం 1963లో జాతీయ రుణ విద్యార్థి వేతనాల పథకం తెచ్చింది. బ్యాంకులు మాత్రం ఇంకా వ్యాపారుల ఇళ్లవైపే చూసేవి. 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. దాని మీద సంతకం చేసిన తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి. మర్నాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికలో పోటీకి రాజీనామా చేశారు. ఆ ఏడాదే మొదలైన లీడ్ బ్యాంక్ పద్ధతిలో గంజాం జిల్లా ఆంధ్రా బ్యాంకు వంతుకు వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ప్లీడరు కాని, జమీందారు కాని తండ్రి కూడా కౌంటరు దగ్గర నిలబడి కొడుకు చదువుకు అప్పు అడిగే రోజు వచ్చిందంటే దాని వెనుక ఇంత ఉంది.

2001లో బ్యాంకుల సంఘం నమూనా విద్యా రుణ పథకం వచ్చాక ఆ అడగడం హక్కులాగా మారింది. మొదట్లో 4 లక్షల వరకు పూచీకత్తు అక్కర్లేదన్నారు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. చదువు సాగినన్నాళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కర్లేదు. 2009-10 నుంచి 4.5 లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు ఆ కాలపు వడ్డీని కేంద్రం భరించే ఏర్పాటు జరిగింది. ఒడిశా ప్రభుత్వం 2016లో కళింగ శిక్షా సాథీ యోజన పేరుతో 1 శాతం వడ్డీకే చదువు అప్పు అందే పథకం తెచ్చింది.

ఇన్ని వెసులుబాట్ల మధ్య అసలు లెక్క మరుగున పడుతోంది. ఒక ఉదాహరణ. నాలుగేళ్ల ఇంజనీరింగుకు ఏటా 1.25 లక్షల చొప్పున 5 లక్షల అప్పు, వడ్డీ 10 శాతం, ఏ రాయితీ లేదనుకుందాం. వాయిదాలు మొదలయ్యే నాటికి, సాధారణ వడ్డీ లెక్కనే, 1.75 లక్షలు పేరుకుంటాయి. అప్పటికి అప్పు 6.75 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,920 రూపాయలు, మొత్తం 10.7 లక్షల దాకా కట్టాలి. పదిహేనేళ్లు పెట్టుకుంటే నెల వాయిదా 7,250 ప్రాంతానికి దిగుతుంది, మొత్తం 13 లక్షలు దాటుతుంది. చదువుతున్న రోజుల్లోనే ఏ నెల వడ్డీ ఆ నెల కట్టగలిగితే ఆ 1.75 లక్షలు అసలులో కలవవు. కాలేజీ బ్రోషర్లో ఉండే అంకె 5 లక్షలు మాత్రమే. అక్కడ చదివి బయటికొచ్చిన మామూలు విద్యార్థికి, అందరికన్నా పెద్ద జీతం తెచ్చుకున్న ఒక్కడికి కాదు, మొదటి ఉద్యోగంలో నెలకు ఎంత వస్తోందో సీటు తీసుకునే ముందే కనుక్కోవాలి. ఆ జీతంలో ఇంటద్దె, తిండి పోగా 8,920 మిగలకపోతే ఆ వాయిదా తండ్రి దగ్గరికే తిరిగొస్తుంది.

బరంపురంలో కొడుకునో కూతురినో కాలేజీలో చేర్చే తండ్రికి ఇవాళ 48 ఏళ్లనుకుంటే, చదువు నాలుగేళ్లు, విరామం ఏడాది, వాయిదాలు పదేళ్లు కలిపి ఆ అప్పు తీరేసరికి ఆయనకు 63. పదిహేనేళ్ల వాయిదాలైతే 68. నెల జీతంతో బతికే మనిషైతే ఈ రెండు అంకెలూ పదవీ విరమణ తర్వాతివే. వారాలు పెట్టిన ఇల్లు, కట్నంతో అప్పు తీర్చిన వియ్యంకుడు, శిస్తు కట్టిన రైతు ఇప్పుడు లేరు. వాళ్లందరి వాటా సహ రుణగ్రహీత అన్న ఒక్క గడిలో, ఆ తండ్రి సంతకం కింద పడుతోంది. అందుకే ఆ సంతకానికి ముందు చదవబోయే పిల్లల్ని కూడా కూర్చోబెట్టి, వడ్డీతో సహా ఈ కాగితం లెక్క వాళ్ల చేతే వేయించాలి. సర్కారు కాలేజీలో డిగ్రీకి ఎంత, ఐ.టి.ఐ.కి ఎంత, ప్రైవేటు ఇంజనీరింగుకు ఎంత, ఒక్కోదాని తర్వాత నెలకు ఎంత వస్తుంది, ఏ రాయితీకి తమ ఇంటి ఆదాయం అర్హమవుతుంది అన్న అయిదు గళ్లూ నిండాకే బ్యాంకు ఫారం తీసుకోవాలి.